క్యానన్ హెచ్‌వీ20, హెచ్‌వీ30: కడపలో సెకండ్ హ్యాండ్ టేపు కెమెరా కొనేముందు

కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎక్కడైనా సరే, ఇరవై ఏళ్లుగా నడుస్తున్న వీడియో స్టూడియోలో బీరువా తెరిస్తే ఒక అర నిండా మినీ డీవీ క్యాసెట్లు కనిపిస్తాయి. వీపు మీద స్కెచ్ పెన్నుతో రాసిన ఇంటిపేర్లు, తేదీలు. 2007 తర్వాత తీసిన పెండ్లి క్యాసెట్లలో కొన్ని హెచ్‌డీవీలో, అంటే అదే క్యాసెట్ మీద హెచ్‌డీ బొమ్మ రాసే పద్ధతిలో తీసినవి. కానీ ఆ ఇంటివాళ్ల చేతికి వచ్చింది డీవీడీ. డీవీడీలో పట్టే బొమ్మ 720 × 576 పిక్సెళ్లు. టేపులో ఉన్నది 1440 × 1080. గుణించి చూస్తే దాదాపు నాలుగింతలు. పెండ్లికూతురి చీర జరీ అంచు, తాతగారి ముఖం మీద ముడతలు, వెనక వరసలో నిలబడిన మేనత్త నవ్వు, అన్నీ టేపులో స్పష్టంగానే ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకు వాటిని చూడలేదు.

ఇప్పుడు టేపు కెమెరా కొనడానికి అన్నిటికంటే గట్టి కారణం ఇదే. అందుకే ఈ పరిశీలనలో క్యానన్ హెచ్‌వీ20, హెచ్‌వీ30లను ముందు టేపులు ఆడించే యంత్రంగానే చూస్తున్నాం, ఆ తర్వాతే కెమెరాగా. లెన్స్ ఎంత బాగున్నా టేపు నడిపే భాగం బాగాలేకపోతే ఈ కెమెరా తీసుకుని ప్రయోజనం లేదు. లెన్స్ మీద ఒక గీత ఉండి టేపు చక్కగా నడుస్తుంటే మాత్రం నిశ్చింతగా తీసుకోవచ్చు.

హెచ్‌వీ20 2007లో, హెచ్‌వీ30 2008లో వచ్చాయి. 2009లో హెచ్‌వీ40 వచ్చింది. లోపలి సరంజామా మూడింటిలోనూ దాదాపు ఒకటే: 1/2.7 అంగుళాల సీమాస్ సెన్సర్, 10 రెట్ల ఆప్టికల్ జూమ్, ఎఫ్ 1.8తో మొదలయ్యే లెన్స్, 43 మి.మీ. ఫిల్టర్ మర, 2.7 అంగుళాల తెర. హెచ్‌వీ20 వెండి రంగులో, హెచ్‌వీ30 నలుపులో ఉంటాయి. హెచ్‌వీ30లో కొత్తగా చేర్చిన 30 ఫ్రేముల మోడ్ అమెరికా మోడల్‌కే. మన పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) మోడల్లో రెండింటి బొమ్మకూ తేడా వెతికినా దొరకదు. కాబట్టి నంబరు కోసం పట్టుబట్టవద్దు, ఏది తక్కువ వాడి ఉంటే అది తీసుకోండి.

నంబరు కంటే ముందు చూడాల్సింది పాలా, అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీనా అన్నది. మన జిల్లా నుంచి గల్ఫ్‌కీ అమెరికాకీ వెళ్లినవాళ్లు ఎక్కువ, అక్కడి నుంచి వచ్చిన కెమెరాలూ ఎక్కువే. అమెరికాలో కొన్న హెచ్‌వీ30 ఎన్‌టీఎస్‌సీది. మన దగ్గర పాల్‌లో తీసిన టేపు అందులో ఆడదు, నీలం తెర వస్తుంది లేదా గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. టేపు పాడైపోయిందనుకుని పారేసే ప్రమాదం ఉంది. గుర్తుపట్టడం తేలిక. కెమెరా అడుగున ఉన్న స్టిక్కర్ మీద మోడల్ నంబరు చివర ఇంగ్లిష్ అక్షరం E గానీ, పాల్ అనే మాట గానీ ఉందేమో చూడండి. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే రికార్డింగ్ మెనూలో సినిమా తరహా ఫ్రేము మోడ్ చూడండి. పీఎఫ్25 అని ఉంటే పాల్, పీఎఫ్24 అని ఉంటే ఎన్‌టీఎస్‌సీ. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో తీసుకొచ్చిన టేపులు ఆడించాలంటే ఎన్‌టీఎస్‌సీ కెమెరానే కావాలి, అది వేరే అవసరం.

ఇంకో రెండు హద్దులు కూడా తెలిసి ఉండాలి. సోనీ హెచ్‌వీఆర్-హెచ్‌డీ1000 భుజం కెమెరాతో మన వైపు చాలా పెండ్లిళ్లు తీశారు. దాంట్లో హెచ్‌డీవీ 1080ఐలో తీసిన టేపు హెచ్‌వీ30లో చక్కగా ఆడుతుంది. అదే కెమెరాలో గానీ, సోనీ పీడీ170లో గానీ డీవీక్యామ్ మోడ్ పెట్టి తీసిన టేపులకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఆ ఫార్మాట్ సోనీది, దానికి సోనీ యంత్రమే వెతుక్కోవాలి. రెండోది ఎల్‌పీ టేపులు. గంట క్యాసెట్‌లో గంటన్నర పట్టించడానికి కొందరు డీవీని (హెచ్‌డీ కాని మామూలు రికార్డింగును) ఎల్‌పీలో, అంటే టేపును నెమ్మదిగా నడిపే లాంగ్ ప్లేలో తీశారు. ఎల్‌పీలో టేపు మీద రాసే గీత వెడల్పు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) నుంచి 6.7కి తగ్గిపోతుంది. అంత సన్నటి గీతను రాసిన కెమెరా చదివినంత సుళువుగా ఇంకో కెమెరా చదవలేదు. అలాంటి టేపులకు ఏ యంత్రమైనా తడబడుతుంది, అది హెచ్‌వీ30 తప్పు కాదు. హెచ్‌డీవీకి ఎల్‌పీ లేనే లేదు కాబట్టి ఆ టేపులతో ఈ బాధ ఉండదు.

టేపు నడక మీద ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. 2003లో క్యానన్, షార్ప్, సోనీ, జేవీసీ కలిసి హెచ్‌డీవీని ప్రకటించినప్పుడు క్యాసెట్‌ను మార్చలేదు. అదే 6.35 మి.మీ. టేపు, అదే వేగం, సెకనుకు సుమారు 25 మెగాబిట్లు. మారింది రాసే పద్ధతి. డీవీలో ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది. టేపు మీద చిన్న మరక పడితే సెకనులో ఇరవై అయిదో వంతు సేపు ఒక చదరం మెరిసి పోతుంది, చాలామంది గమనించరు కూడా. హెచ్‌డీవీ 1080ఐ పాల్‌లో 12 ఫ్రేములను ఒక కట్టగా చేసి ఎంపెగ్-2లో కుదిస్తారు. కట్టలో మొదటి ఫ్రేము దెబ్బతింటే మిగతావి దాని మీద ఆధారపడినవే కాబట్టి కట్ట మొత్తం పోతుంది. దాదాపు అర సెకను బొమ్మ ఆగిపోతుంది, శబ్దం కూడా తెగుతుంది. తాళి కట్టే క్షణంలో ఆ అర సెకను పడిందంటే ఇక చేసేదేమీ లేదు. నిమిషానికి 9000 సార్లు తిరిగే డ్రమ్ము మీద రెండు చిన్న హెడ్లు వెంట్రుక మందంలో ఆరేడో వంతు వెడల్పున్న గీతల్ని వెతుక్కుంటూ చదవాలి. అక్కడ దుమ్ముకు చోటు లేదు.

అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మూడు వస్తువులు వెంట ఉండాలి. వేరే కెమెరాలో తీసిన, బాగా ఆడుతుందని ముందే తెలిసిన హెచ్‌డీవీ టేపు ఒకటి. అది పోయినా బాధలేనిదై ఉండాలి, ఎందుకంటే పాడైన యంత్రం టేపును నమిలేస్తుంది. సీలు తీయని కొత్త టేపు ఒకటి. టేపు వీడియోను కంప్యూటర్‌కు పంపే ఫైర్‌వైర్ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్, దాని కేబుల్. కెమెరా బ్యాటరీ మీద కాక అసలు ఎడాప్టర్ మీద నడిపి చూడండి. దాని నంబరు సీఏ-570, 8.4 వోల్టులది.

మొదట టేపు పెట్టడం. మూత తెరవగానే లోపలి పంజరం దానంతట అది పైకి లేచి ఆగాలి. క్యాసెట్ కిటికీ వైపు బయటికి ఉండేలా పెట్టి, పుష్ అని రాసి ఉన్న చోట మాత్రమే వేలితో నొక్కాలి. టక్కుమని చప్పుడు వచ్చాక చెయ్యి తీసేయాలి. పంజరం నెమ్మదిగా లోపలికి దిగుతుంది, అది పూర్తిగా దిగాకే బయటి మూత వేయాలి. తొందరపడి మూతతోనే పంజరాన్ని లోపలికి తోసేవాళ్లు ఎందరో ఉన్నారు. అలా తోసిన కెమెరాల్లో పంజరం ఒక పక్కకు వంగి ఉంటుంది. దిగేటప్పుడు ఒక మూల ముందు, ఇంకో మూల వెనక దిగుతున్నా, మధ్యలో ఆగి మళ్లీ పైకి వస్తున్నా, తెర మీద క్యాసెట్ తీసేయమని సందేశం వస్తున్నా అక్కడితో బేరం ఆపేయండి. ఆ పంజరాన్ని సరిచేసే విడిభాగాలు దొరకడం చాలా కష్టం.

తెచ్చిన పాత టేపును పది నిమిషాలు ఆడించండి. కెమెరా చిన్న తెర మీద చూస్తే చిన్న లోపాలు తెలియవు, హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపి చూడండి. చెవి కూడా పెట్టండి. డ్రమ్ము తిరిగే సన్నని, ఒకే తీరైన కూత ఉండాలి. కరకరమనే శబ్దమో, ఉండుండి కీచుమనే శబ్దమో మంచిది కాదు. అయిదు నిమిషాల్లో ఒకటీ అరా ఆగడం టేపు తప్పు కావచ్చు. అదే చోట వెనక్కి తిప్పి మళ్లీ ఆడించండి. మళ్లీ సరిగ్గా అక్కడే ఆగితే లోపం టేపుది. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ ఆగుతుంటే లోపం కెమెరాది. డీవీ టేపు ఒకటి ఉంటే అది కూడా పెట్టి చూడండి. బొమ్మ అడ్డపట్టీలుగా విడిపోయి ఒక పట్టీ బాగా, ఒక పట్టీ చదరాలుగా కనిపిస్తే రెండు హెడ్లలో ఒకటి చదవడం లేదని అర్థం. మురికైతే శుభ్రం చేస్తే పోతుంది. అరిగిపోతే పోదు.

తర్వాత కొత్త టేపులో అయిదు నిమిషాలు రికార్డు చేసి అదే కెమెరాలో చూడండి. బాగా వస్తే సంతోషించి ఆగిపోకండి, ఆ టేపును ఇంకో మంచి కెమెరాలో పెట్టి చూడండి. తాను రాసింది తాను చదువుతూ, పరాయి టేపుల్ని చదవలేని కెమెరాలు ఉంటాయి. టేపు దారి చూపే చిన్న గైడ్లు కొద్దిగా జరిగితే ఇలా అవుతుంది. పాత పెండ్లి టేపులు ఆడించడానికి అలాంటి కెమెరా పనికిరాదు. చివరగా టేపును ఆ చివర నుంచి ఈ చివరకు పూర్తిగా తిప్పి బయటికి తీయండి. క్యాసెట్ పక్కనున్న బటన్ నొక్కి మూత ఎత్తి టేపు అంచులు వెలుతురుకు పట్టి చూడండి. అంచు మడత పడినట్టో అలలు అలలుగానో ఉంటే ఆ కెమెరా ప్రతి టేపునూ అలాగే చేస్తుంది.

ఫైర్‌వైర్ పోర్టు సంగతి చాలామంది ఇంటికి వెళ్లాక గానీ చూసుకోరు. కెమెరా వైపు ఉండేది నాలుగు పిన్నుల చిన్న పోర్టు. కంప్యూటర్ వైపు ఆరు పిన్నుల ప్లగ్గును తిరగేసి బలవంతంగా దూరిస్తే కరెంటు పోవాల్సిన పిన్ను మీద కాకుండా సిగ్నల్ పిన్ను మీదికి పోయి కెమెరాలోని చిప్పు కాలిపోతుంది. అలా పోయిన పోర్టు బయటికి మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ల్యాప్‌టాప్ కలిపి నిజంగా రెండు నిమిషాలు క్యాప్చర్ చేసి, అంటే టేపు వీడియోను కంప్యూటర్‌లోకి తీసుకుని చూడాలి. పోర్టు పోయిన కెమెరా బాగా చౌకగా వస్తే, టేపు నడక మచ్చ లేకుండా ఉంటే, హెచ్‌డీఎంఐ క్యాప్చర్ పరికరంతో నెట్టుకురావచ్చు. కానీ అలా చేస్తే టేపులో ఉన్న డేటా ఉన్నదున్నట్టు రాదు, బొమ్మను మళ్లీ కుదించాల్సి వస్తుంది, టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ టేపు మీద ఉండే సమయం లెక్క) పోతుంది, షాట్లు విడివిడిగా రావు.

లెన్స్ చూడటం త్వరగా అయిపోయే పని. మొబైల్ టార్చి వాలుగా వేసి లోపల బూజు దారాలు ఉన్నాయేమో చూడండి. కెమెరా ఆన్ చేసినప్పుడు లెన్స్ ముందున్న రెక్కలు పూర్తిగా తెరుచుకోవాలి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు, నాపరాళ్ల పొడి మధ్య వాడిన కెమెరాల్లో ఇసుక రేణువు పడి ఒక రెక్క సగంలో ఆగిపోతుంటుంది. బొమ్మ మూలలో నల్లటి వంపు కనిపిస్తే అదే కారణం. చేతికి జూమ్ మీట అరిగి ఉండటం, రబ్బరు వదులు కావడం పట్టించుకోనక్కరలేదు.

ఇక కెమెరాగా దీని సంగతి. పగటి వెలుగులో ఈ బొమ్మ ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి తీస్తే ఎర్రటి రాతి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు విడివిడిగా కనిపిస్తాయి. 10 రెట్ల జూమ్ చివరిదాకా వెళ్లినా అంచులు తేటగానే ఉంటాయి, ఫోన్ల డిజిటల్ జూమ్‌లో వచ్చే పిండిపిండి బొమ్మ ఇందులో ఉండదు. ఆప్టికల్ స్టెబిలైజర్ మంచిదే, జూమ్ చివర్లో మాత్రం స్టాండు కావాలి. మిట్ట మధ్యాహ్నం షట్టర్‌ను 1/50 దగ్గర నిలపాలంటే వెలుగు తగ్గించే 43 మి.మీ. ఎన్‌డీ8 ఫిల్టర్ వేసుకోండి. లేకపోతే ఆకాశం తెల్లబడిపోతుంది, లేదా కెమెరా షట్టర్ పెంచి కదలికను ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది.

చీకటి దీనికి సరిపడదు. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం వెన్నెల్లో రాత్రిపూట జరుగుతుంది. వేదిక మీద దీపాల వెలుగు ఉన్నంత మేర పరవాలేదు. జనం వైపు తిప్పగానే గెయిన్ (చీకట్లో బొమ్మ వెలుగును కెమెరా పెంచే తీరు) పైకి వెళ్లి బొమ్మంతా ఇసుక చల్లినట్టు అవుతుంది. ఆటో స్లో షట్టర్ ఆన్‌లో ఉంటే షట్టర్ 1/25కి పడిపోయి చేతులు, ముఖాలు సాగినట్టు వస్తాయి. ముందు మెనూలో దాన్ని ఆపేయండి. Tv మోడ్‌లో (షట్టర్‌ను మనమే ఎంచుకునే మోడ్) షట్టర్ 1/50 పెట్టండి, ట్యూబులైట్లు మినుకుమనకుండా కూడా ఇదే పనికొస్తుంది. తర్వాత ఎక్స్‌పోజర్ లాక్ చేసి, మైనస్ 11 నుంచి ప్లస్ 11 దాకా ఉండే కొలతలో రెండు మూడు మెట్లు కిందికి దించండి. నలుపు నల్లగా ఉంటే రేణువులు కంటికి ఆనవు. ఈ కెమెరా ఎపర్చర్, షట్టర్ రెండింటినీ ఒకేసారి చేతితో పెట్టనివ్వదు, అది పెద్ద లోటు. ఇప్పుడు ఏ ఎపర్చర్‌లో ఉందో తెలియాలంటే మినీ ఎస్‌డీ కార్డు వేసి ఫోటో బటన్ సగం నొక్కితే అంకెలు కనిపిస్తాయి. కొనేటప్పుడు ఆ చిన్న కార్డు కూడా అడిగి తీసుకోండి, విడిగా దొరకడం కష్టం.

ఈ ఫార్మాట్‌కు అసలు పరీక్ష తలంబ్రాలు. వందల పసుపు గింజలు ఒకేసారి గాల్లో, వెనక జనం కదలిక, మధ్యలో ఫోటోగ్రాఫర్ ఫ్లాష్‌లు. 25 మెగాబిట్లు ఆ గొడవను మోయలేవు. గింజల చుట్టూ చదరాలు లేస్తాయి, పక్కనున్న ముఖం కూడా మసకబారి రెండు మూడు ఫ్రేముల తర్వాత తేరుకుంటుంది. ఫ్లాష్ వెలిగినప్పుడు బొమ్మలో సగం తెల్లగా, సగం మామూలుగా వస్తుంది. సీమాస్ సెన్సర్ బొమ్మను పైనుంచి కిందికి వరసగా చదవడమే దానికి కారణం. పాత టేపుల్లో ఇవి కనిపిస్తే టేపు పాడైందని భయపడవద్దు, తీసినప్పుడే అలా పడ్డాయి. మనం కొత్తగా తీసేటప్పుడైతే కొంచెం వెనక్కి వెళ్లి, జూమ్ తగ్గించి, స్టాండు మీద కదలకుండా తీస్తే చదరాలు బాగా తగ్గుతాయి. కుంకుమ ఎరుపు, పట్టుచీర ఎరుపు అంచులు పారినట్టు కనిపించడం కూడా ఈ కుదింపు లోపమే. ఇమేజ్ ఎఫెక్ట్ వివిడ్‌లో ఉంటే ఇంకా ఎక్కువవుతుంది, న్యూట్రల్‌లో పెట్టుకోండి.

లెన్స్ వెడల్పు చాలదు. 35 మి.మీ. ఫిల్మ్ కెమెరా లెక్కలో 43.6 మి.మీ. దగ్గర మొదలవుతుంది. ఇంట్లో చిన్న గదిలో పెండ్లికొడుకును చేసే తంతు తీయాలంటే గోడకు వీపు ఆనించినా అందరూ పట్టరు. క్యానన్ డబ్ల్యూడీ-హెచ్43 కన్వర్టర్ వేస్తే అది 0.7 రెట్లయి సుమారు 30 దగ్గరికి వస్తుంది. అది వేసినప్పుడు మాత్రం ఇన్‌స్టంట్ ఏఎఫ్ ఆపి నార్మల్ ఏఎఫ్ పెట్టాలి. ఫోకస్ కొలిచే చిన్న సెన్సర్ కెమెరా ముందు భాగంలో విడిగా ఉంటుంది, కన్వర్టర్ దానికి అడ్డం వస్తే ఫోకస్ అటూ ఇటూ ఊగుతుంది.

శబ్దం విషయంలో లోపలి మైకు మీద ఆధారపడవద్దు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో టేపు మోటారు రొద సన్నగా వెనక వినిపిస్తుంది. టేపు కెమెరా ఇంత చిన్నగా చేస్తే ఇది తప్పదు. 3.5 మి.మీ. జాక్ ఉంది, బయటి మైకు పెట్టండి. నాదస్వరం, డోలు దగ్గర ఆటో లెవెల్ వదిలేస్తే ప్రతి దెబ్బకూ మిగతా శబ్దం కుంగి లేస్తుంది. మెనూలో లెవెల్ చేతితో పెట్టుకునే వీలుంది, తప్పక వాడండి.

టేపు నుంచి కంప్యూటర్‌లోకి తెచ్చే పని జాగ్రత్తగా చేయాలి. ఈ కెమెరాకు యూఎస్‌బీ ఉంది, కానీ దాంట్లోంచి కార్డులోని ఫోటోలే వస్తాయి, టేపు వీడియో రాదు. ఒక వైపు ఫైర్‌వైర్, ఇంకో వైపు యూఎస్‌బీ ఉన్న చౌక కేబుళ్లు అమ్ముతుంటారు, అవి పనిచేయవు. డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేసుకోవడం తేలిక దారి. విండోస్ 10లో కెమెరా కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ ఇచ్చే లెగసీ 1394 డ్రైవర్ దించుకుని, డివైస్ మేనేజర్‌లో పాతదాని స్థానంలో దాన్ని ఎంచుకోవాలి. మ్యాక్‌లో థండర్‌బోల్ట్ ఎడాప్టర్ల గొలుసుతో నడిచేది. మ్యాక్‌ఓఎస్ 26 టాహోలో ఫైర్‌వైర్‌ను తీసేశారు కాబట్టి పాత సిస్టమ్ ఉన్న మ్యాక్‌ను అప్‌డేట్ చేయకుండా దీనికోసం పక్కన పెట్టుకోండి.

కేబుల్ కలిపే ముందే కెమెరా ప్లే మోడ్ మెనూలో డీవీ అవుట్‌పుట్ చూడాలి. అక్కడ డీవీ లాక్డ్ అని ఉంటే కెమెరా హెచ్‌డీ బొమ్మను డీవీకి దించి పంపిస్తుంది. గంటసేపు క్యాప్చర్ చేశాక ఫైలు 720 × 576లో ఉందని తెలిస్తే ఒక గంట పోవడమే కాదు, పాత టేపును అనవసరంగా ఇంకోసారి తిప్పినట్టు. దాన్ని హెచ్‌డీవీ/డీవీకి మార్చి, అప్పుడు కెమెరా ఆపి, కేబుల్ పెట్టి, మళ్లీ ఆన్ చేయండి. విండోస్‌లో హెచ్‌డీవీస్ప్లిట్, లినక్స్‌లో డీవీగ్రాబ్ ఉచితంగా దొరుకుతాయి, టేపులో ఉన్న డేటాను మార్పు లేకుండా ఫైలుగా రాస్తాయి. గంట టేపుకు గంట పడుతుంది, సుమారు 12 జీబీ అవుతుంది.

అలా వచ్చిన ఎం2టీ ఫైలే మీ అసలు ప్రతి. దాన్ని ముట్టుకోకుండా దాచి, ఇంటివాళ్లకు ఇవ్వడానికి వేరే ప్రతి చేయండి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఒక్కో ఫ్రేములోని రెండు సగం బొమ్మలను (ఫీల్డులను) విడదీసే డీఇంటర్‌లేస్ ఫిల్టర్‌ను బాబ్‌లో పెడితే సెకనుకు 50 ఫ్రేములు వచ్చి కదలిక మెత్తగా ఉంటుంది. పరిమాణం 1920 × 1080గా పెట్టాలి, 1440గా వదిలేస్తే కొన్ని ప్లేయర్లలో మనుషులు సన్నగా పొడుగ్గా కనిపిస్తారు. ఎడిటింగ్‌లో డీవీ, హెచ్‌డీవీ కలిపి వేసేటప్పుడు ఒక చిక్కు ఉంది. హెచ్‌డీవీలో పై ఫీల్డ్ ముందు, పాల్ డీవీలో కింది ఫీల్డ్ ముందు. ఇది తారుమారైతే నడిచే మనిషి అడుగు ముందుకేసి వెనక్కి తీసినట్టు వణుకుతాడు. పీఎఫ్25లో తీసిన టేపుకు డీఇంటర్‌లేస్ అవసరమే లేదు, చేస్తే ఉన్న వివరం పోతుంది.

మన ఎండలు టేపులకు పగ. రేకుల కప్పు కింద ఉన్న గదిలో మే నెలంతా మగ్గిన క్యాసెట్లను నేరుగా ప్లే చేయవద్దు. ఒక రోజు చల్లటి పొడి గదిలో ఉంచి, ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి, అప్పుడు ప్లే నొక్కండి. ఏళ్ల తరబడి బిగుసుకున్న చుట్ట సమానంగా సర్దుకుంటుంది. వాన రోజుల్లో ఏసీ గది నుంచి కెమెరాను బయటికి తెస్తే డ్రమ్ము మీద చెమ్మ పడుతుంది, టేపు దానికి అంటుకుంటుంది. తెచ్చేముందు ప్లాస్టిక్ కవర్‌లో కట్టి, బయట గంటసేపు అలాగే ఉంచి తర్వాత విప్పండి. కండెన్సేషన్ హెచ్చరిక వస్తే క్యాసెట్ తీసి మూత తెరిచి వదిలేయండి, హెయిర్ డ్రయర్ పెట్టవద్దు.

హెడ్ శుభ్రం చేయడానికి పొడి క్లీనింగ్ క్యాసెట్ చాలు. పది సెకన్లు ఆడించి ఆపేయాలి, వెనక్కి తిప్పి అదే భాగం మళ్లీ వాడకూడదు. అది గరుకు టేపు, ఎక్కువసేపు నడిపితే హెడ్డే అరుగుతుంది. రెండు మూడుసార్లకు బాగుపడకపోతే ఆపేసి తెలిసిన మెకానిక్ చేతికి ఇవ్వండి. ఇయర్ బడ్డుతో డ్రమ్ము రుద్దేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, పత్తి పోగు ఒకటి హెడ్డుకు తగులుకుంటే హెడ్డు ఊడి వస్తుంది.

బేరం కుదిరే దగ్గర ఒక మాట. టేపు నడక, ఫైర్‌వైర్, పాల్ ఈ మూడూ సరిగా ఉన్న హెచ్‌వీ20కి కొంచెం ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా బ్యాగు, మూడు బ్యాటరీలు, కన్వర్టర్ ఊరికే ఇస్తామన్నా తీసుకోవద్దు. బీపీ-2ఎల్ రకం పాత బ్యాటరీలు ఎలాగూ చార్జి నిలపవు, క్యాప్చర్‌కు ఎడాప్టరే వాడాలి. డీవీక్యామ్ టేపులు ఎక్కువ ఉన్న స్టూడియోవాళ్లు క్యానన్ వైపు రాకుండా హెచ్‌వీఆర్-హెచ్‌డీ1000నే బాగుచేయించుకోవడం మేలు.

కెమెరా చేతికి వచ్చాక బీరువాలోని క్యాసెట్లకు ఒక వరస పెట్టుకోండి. హెడ్డుకు ఎన్ని గంటల ఆయుష్షు మిగిలిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి మంచి టేపులతో మొదలుపెట్టాలి. బాగా ఆడే హెచ్‌డీవీ పెండ్లి టేపులు ముందు, ఆ తర్వాత మామూలు వేగంతో తీసిన డీవీ ఎస్‌పీవి, ఎల్‌పీవి ఆ వెనక. బూజు పట్టినవి, నీళ్లు తగిలినవి అన్నిటికన్నా చివర. ఒక్క బూజు టేపు పొడి హెడ్డుకు అంటితే ఆ తర్వాత పెట్టే ప్రతి టేపుకూ అంటుకుంటుంది. ఫైలు పేరులో ఇంటిపేరు, ఊరు, తేదీ తెలుగులో రాసి, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో వేసి, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసిన తర్వాతే క్యాసెట్ వీపు మీద టిక్కు పెట్టండి.